డబ్బాకు అక్క కుట్టిన కవరు

మా అక్కకు కనబడిన ప్రతిదానికీ కవరు కుట్టే అలవాటు ఉండేది. తాండూరులో ఆమె ఇంట్లో టీవీకి కవరు, మిక్సీకి కవరు, కుట్టు మిషన్‌కు కవరు, చివరికి బావ హెల్మెట్‌కు కూడా కవరే. ఆమెను అనడానికి లేదు. వాళ్ల ఇంటికి నాలుగు సందుల అవతలే బండల పాలిష్ యూనిట్లు మొదలవుతాయి. నాపరాళ్లను అరగదీసి నునుపు చేసేటప్పుడు పారే బూడిదరంగు నీళ్లు ఎండి పొడి అవుతాయి. ఆ పొడి గాలికి లేచి, మూసిన కిటికీలోంచి కూడా లోపలికి వచ్చి పడుతుంది. పొద్దున తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికి వేలితో అక్షరాలు రాయవచ్చు. తాండూరు కోడళ్లు కాపురానికి వచ్చిన మొదటి నెలలోనే కవర్లు కుట్టడం నేర్చుకుంటారని అక్క నవ్వేది. అటువంటి మనిషి మా డబ్బాను మాత్రం ఎందుకు వదిలిపెడుతుంది?

డబ్బా అంటే ఏమిటో చెప్పాలి. మామూలు పల్చటి లాప్‌టాప్‌కు పెద్ద ఆటలు ఆడించే సత్తువ ఉండదు. ఆటలో కొండలు, నీళ్లు, ఎండ నిజంగా ఉన్నట్టు కనబడాలంటే పెద్ద గ్రాఫిక్స్ కార్డు కావాలి. అది అంత సన్నటి లాప్‌టాప్‌లో పట్టదు. అందుకని కార్డును బయట ఒక ఇనుప డబ్బాలో బిగించి, దానికి వేరే కరెంటు ఇచ్చి, ఒకే ఒక వైరుతో లాప్‌టాప్‌కు కలుపుతారు. వైరు పెట్టగానే అప్పటిదాకా ఆఫీసు లెక్కలు చేసుకున్న లాప్‌టాప్ గుర్రాలను పరుగెత్తిస్తుంది. డబ్బాలో ఫ్యాన్లు ఉంటాయి. ఒక పక్క నుంచి చల్లగాలి పీల్చుకుని ఇంకో పక్క నుంచి వేడిగాలి వదులుతాయి. ఆ గాలి ఆగితే కార్డు ఆగిపోతుంది.

ఆ డబ్బాను బావ, నేను కలిసి కొన్నాం. బావ ఒక పాలిష్ యూనిట్‌లో సూపర్‌వైజర్. నేను వికారాబాద్‌లో ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌ని. ఇద్దరికీ పని కోసం కొన్న లాప్‌టాప్‌లు ఉన్నాయి, ఇద్దరికీ ఆటల పిచ్చి ఉంది, చెరొక డబ్బా కొనే స్తోమత ఇద్దరికీ లేదు. అందుకని ఒక వారం డబ్బా తాండూరులో, ఒక వారం వికారాబాద్‌లో. ఆదివారం పొద్దున డబ్బా ఎవరి దగ్గరుంటే వాళ్లు దాన్ని సంచిలో పెట్టుకుని రైలెక్కి రెండో వాళ్ల ఇంటికి పోవాలి. అక్కడే అన్నం తిని సాయంత్రం బండికి తిరిగి రావాలి. ఇదీ మా ఒప్పందం. దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే దారిలో ధారూరు స్టేషన్ వచ్చేసరికి తొడలు తిమ్మిరెక్కేవి. "గదేంది అన్నా, కుక్కరా?" అని ఎవరో ఒకరు అడిగేవారు. అవునని చెప్పేవాణ్ని.

ఆట కూడా ఇద్దరికీ ఒక్కటే. ఒక ఒంటరి మనిషి గుర్రం మీద అడవులు, కొండలు తిరుగుతూ పోయే ఆట. ఎక్కడిదాకా వచ్చామో పెన్‌డ్రైవ్‌లో దాచి డబ్బాతోపాటే పంపుకునేవాళ్లం. బావ ఆపిన చోట నేను మొదలుపెట్టేవాణ్ని, నేను ఆపిన చోట బావ మొదలుపెట్టేవాడు. అక్క ఎప్పుడూ ఆడలేదు. పని మధ్యలో వచ్చి బావ వెనక నిలబడి చూసేది, అంతే. బావ మాటలు తక్కువ మనిషి. పాలిష్ మిషన్ల రొదలో ఇరవై ఏళ్లు పనిచేసి, మాట్లాడటం దండగని తేల్చుకున్నాడు. ఆ వారం ఆయన ఎట్లా ఉన్నాడో నాకు గుర్రాన్ని చూస్తే తెలిసేది. యూనిట్‌లో పని ఎక్కువైతే ఎక్కడి గుర్రం అక్కడే. మనసు బాగుంటే గుర్రానికి కొత్త జీను.

మా ఇద్దరి ఆట అక్క పెళ్లైన కొత్తలో మొదలైంది. నేను అప్పుడు ఇంటర్. బామ్మర్దితో ఏం మాట్లాడాలో తెలియక బావ నన్ను స్టేషన్ రోడ్డులో ఒక నెట్ సెంటర్‌కు తీసుకుపోయాడు. ఒకే కంప్యూటర్, కారు పందెం ఆట. నేను కారు తిప్పుతుంటే ఆయన బ్రేకు నొక్కేవాడు. నాకు నాన్న చిన్నప్పుడే పోయాడు, అన్నదమ్ములు లేరు. అట్లా నా పక్కన కూర్చుని బ్రేకు చూసుకున్న మగవాడు ఆయనొక్కడే. అది నేను ఆయనకు ఎన్నడూ చెప్పలేదు.

డబ్బా కొన్న రెండో నెలలో అక్క దానికి కవరు కుట్టింది. పసుపు అంచున్న తన పాత ఆకుపచ్చ చీర చించి, అన్ని పక్కలా మూసేసి, పైన నాడా పెట్టి, వైర్లకు మాత్రం కాస్త సందు వదిలింది. ఆ ఆదివారం నేను డబ్బా తీసుకుపోయి ఇచ్చి, బజారు దాకా పోయి వచ్చేసరికి అది ఆ కవరులోనే నడుస్తోంది. చెయ్యి పెడితే చుర్రుమంది. నా కోపం మా చుట్టాల్లో అందరికీ తెలిసిందే. నాకు సంబంధాలు కుదరకపోవడానికి అదే కారణమని అమ్మ అంటుంది.

"నీకు జర్రన్న తెలివున్నదా అక్కా? గాలాడకుంటే కార్డు కాలిపోతది. గిది మిక్సీ అనుకున్నవా?" అని కవరు గుంజి నేల మీద పడేశాను. "ఏది కనవడితే దానికి చీర కట్టుడేనా?"

అక్క వంగి కవరు తీసుకుంది, దులిపి మడత పెట్టింది. "గట్లనా, నాకేం ఎరుక తమ్మీ" అంది. నాకన్నా ఆరేళ్లు పెద్దది. ఆ రోజు నాకు ఇష్టమని పచ్చిపులుసు చేసింది. ముఖం గంటు పెట్టుకుని కూడా నేను దాన్ని రెండుసార్లు పోయించుకుని తిన్నాను.

తర్వాతి ఆదివారం బావ డబ్బా తెస్తే చూశాను, మళ్లీ ఆ చీర కవరే. అరవడానికి నోరు తెరిచి ఆగిపోయాను. గాలి లోపలికి పోయే పక్క, బయటికి వచ్చే పక్క చీరను కిటికీల్లాగా కత్తిరించి, అక్కడ దోమతెర ముక్కలు పెట్టి కుట్టింది. గాలి పోతుంది, పొడి ఆగుతుంది. ఆఫీసులో కూర్చుని కంప్యూటర్లు చూసే నాకు తట్టని ఉపాయం అది. సాయంత్రం ఆమే ఫోన్ చేసి, "ఇప్పుడు మంచిగున్నదా తమ్మీ?" అని అడిగింది.

"ఆఁ, నడుస్తది తీ" అన్నాను.

నాలుగేళ్లపాటు ఆ డబ్బా ఆ పొడి ఊళ్లో ఒక్కసారి కూడా మొరాయించలేదు. మంచి డబ్బా చూసి కొన్నానని నేను ఆఫీసులో గొప్పలు చెప్పుకున్నాను.

పోయిన ఎండాకాలం ఒక మంగళవారం పొద్దున అక్క తలనొప్పి అని గడప మీద కూర్చుంది. బావ ఆటో పిలుచుకొచ్చేలోపు పక్కకు ఒరిగిపోయింది. హైదరాబాద్ తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. తలలో నరం చిట్లిందన్నారు. నలభై ఏళ్లు. వాళ్లకు పిల్లలు లేరు.

పదకొండో రోజు మా తరఫున బావకు బట్టలు పెట్టాం. అందరూ భోజనాలకు లేచాక అమ్మ నన్ను పక్కకు పిలిచింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది ఆమెకు.

"పిల్లలన్న లేకపాయె కొడుకా. ఇగ ఈ ఇంటికి మనకు తొవ్వ ఏడున్నది? బిడ్డ ఉన్నన్నాళ్లే అల్లుడు. రేపటి సంది ఆయన ఎవలో, మనమెవలో" అంది.

అమ్మ అన్నదాంట్లో అబద్ధం లేదు. బొంరాస్‌పేటలో మా చుట్టాల ఇళ్లలో నేను చూసిందే అది. ఆడపిల్ల పోయిన ఏడాదికి ఆ అల్లుడు బస్టాండులో ఎదురుపడినా పలకరింపు తలూపుడు దగ్గర ఆగిపోతుంది. అక్క పోయిందన్న దుఃఖం ఒక పక్క, బావ కూడా పోతాడన్న భయం ఇంకో పక్క. రెండింటిలో ఏది ఎక్కువో చెప్పలేనంతగా ఉండింది నాకు. మేము బయల్దేరుతుంటే బావ గేటు దాకా వచ్చాడు. కళ్లు నేల మీదే ఉన్నాయి.

"ఆదివారం డబ్బా తెస్త" అన్నాడు.

వికారాబాద్ చేరేదాకా రైల్లో నేను ఆ మాట తలచుకునే ఏడ్చాను.

అన్నట్టే తెచ్చాడు. మరుసటి ఆదివారం నేను తీసుకుపోయాను. అట్లా నడిచింది. మా ఇంట్లో అమ్మ వండేది. అక్కడ బావే వండేవాడు, ఉప్పు మరిచిపోయేవాడు. నేను మారుమాట్లాడకుండా తినేవాణ్ని. ఇద్దరం అక్క మాట ఎత్తేవాళ్లం కాదు. కానీ ఆటలో ఒక వింత మొదలైంది. నేను గుర్రాన్ని ఎంత దూరం తోలినా, మంచు కొండలు ఎక్కించి అవతల ఊళ్లలో దించినా, బావ దగ్గరికి పోయి వచ్చేసరికి ఆ మనిషి ఎప్పుడో దాటేసిన ఒక నది ఒడ్డున నిలబడి ఉండేవాడు. ప్రతిసారీ అదే నది, అదే చెట్టు కింద. అక్కడ చేయాల్సిన పనేమీ లేదు, వేట లేదు, దొంగలు లేరు. నాకు చికాకు పుట్టేది.

రెండు మూడు నెలలకు డబ్బా కూడా మొరాయించసాగింది. అరగంట ఆడితే చాలు, ఫ్యాన్లు హోరుమని లాప్‌టాప్ తెర నల్లబడేది. కార్డు ముసలిదైందేమో అనుకున్నాను. ఒకరోజు ఆట మధ్యలో నాలుగుసార్లు ఆగిపోతే కోపం పట్టలేక బావకు ఫోన్ చేశాను.

"డబ్బాను ఏడ పెడుతున్నవ్ బావా? పొడిల పెడుతున్నవా ఏంది?"

"ఎప్పటి లెక్కనే పెడుతున్న."

"మరి ఎందుకు బంద్ పడుతున్నది? ఆటను గూడ ముంగటికి పోనిస్తలేవు. ఎప్పుడు జూసినా ఆ నది కాడ నిలవెట్టి పంపుతవు. ఆడెటట్టు లేకుంటే చెప్పు."

బావ "సరే" అని పెట్టేశాడు.

ఆ వారం నేనే డబ్బా తీసుకుపోయి ఇచ్చాను. అన్నం తినగానే వచ్చేశాను. మరుసటి ఆదివారం ఆయన రావాలి. యూనిట్‌లో పని ఉందని రాలేదు. ఆ పై ఆదివారం కూడా రాలేదు. ఆలోపు దౌల్తాబాద్ నుంచి మా చిన్నమ్మ ఫోన్ చేసి కబురు చెప్పింది. బావకు దోమ అనే ఊరి దగ్గర ఒక సంబంధం చూశారట, బావ వాళ్ల అన్నావదినలే కుదిర్చారట, వచ్చే నెలలో పెళ్లట. అమ్మ తప్పు పట్టలేదు. "ఒక్కడు ఎన్నొద్దులు వండుకొని తింటడు" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకు మాత్రం ఆ నది మీద నేను అన్న మాటలే చెవుల్లో తిరిగాయి.

మా చుట్టాల్లో ఒక ఆనవాయితీ ఉంది. పిల్లలు లేకుండా ఆడపిల్ల పోయి, ఆ ఇంట్లో మళ్లీ పెళ్లి జరిగేటట్టయితే, ఆమెకు పుట్టింటివాళ్లు పెట్టిన సామానంతా పుట్టింటికి చేరుస్తారు. కొత్తగా వచ్చే ఆమెకు పాత ఆమె వస్తువులు కంట పడకూడదంటారు. సామాను వచ్చిందంటే ఆ ఇంటితో లెక్క తీరిందనే అర్థం. ఒక శుక్రవారం మధ్యాహ్నం మా ఇంటి ముందు ట్రాలీ ఆటో ఆగింది. ఇత్తడి బిందెలు, గంగాళం, ఇనుప పెట్టె, కుట్టు మిషన్. కుట్టు మిషన్ పక్కన ఆకుపచ్చ చీర కవరులో డబ్బా.

బిందెలు వస్తాయని నాకు తెలుసు. డబ్బా వస్తుందని అనుకోలేదు. డ్రైవర్ దాన్ని నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. నేను అట్లాగే మెట్టు మీద కూర్చుండిపోయాను. అంటే బావ ఇక ఆదివారాలు రాడు. నన్ను రావద్దని కూడా అనలేక ఇట్లా పంపాడు. అన్నీ నా నోటితోనే పోగొట్టుకుంటానని అమ్మ అనేది నిజమే అనిపించింది.

లోపల అమ్మ ఒక్కొక్క బిందెను ఒళ్లోకి తీసుకుని తుడుస్తోంది. చిన్న బిందెలో చెయ్యి పెట్టి ఏదో బయటికి తీసింది.

"గిదేందిరా? సంచి లెక్కున్నది. గీ కిటికీలేంది దీనికి?"

అది ఇంకొక కవరు. అదే ఆకుపచ్చ చీర, అదే పసుపు అంచు, అవే దోమతెర కిటికీలు. ఉతికి, మడత పెట్టి ఉంది. నేను లేచి పోయి దాన్ని డబ్బా మీదున్న కవరు పక్కన పెట్టి చూశాను. డబ్బా మీదున్న దాని తెర బూడిదరంగు పొడితో పూర్తిగా పూడుకుపోయింది, సిమెంటు మెత్తినట్టు. బిందెలోంచి వచ్చిన దాని తెరలోంచి అవతల అమ్మ ముఖం కనబడుతోంది.

నాకు అప్పుడు అర్థమైంది. ఈ నాలుగేళ్లూ అక్క ఒకటి తొడిగి ఒకటి ఉతికింది. తాండూరు నుంచి వచ్చిన ప్రతిసారీ డబ్బా ఉతికిన కవరులో రైలెక్కింది. ఒకటే కవరు ఎన్నేళ్లైనా మాయకుండా ఎట్లా ఉందని నేను ఒక్కసారైనా ఆలోచించలేదు. ఆమె పోయాక రెండు మూడు నెలల్లోనే డబ్బాకు ఊపిరాడకుండా అయింది. మంచి డబ్బా చూసి కొన్నానని గొప్పలు చెప్పుకున్నది నేనే.

"దీని మీద నేను అక్కను తిట్టిన అమ్మా" అన్నాను.

"ఎన్నడు తిట్టలేదు నువ్వు?" అంది అమ్మ, బిందె తుడుస్తూనే.

ఆదివారం డబ్బాకు ఉతికిన కవరు తొడిగి, మాసిన కవరును సంచి అడుగున పెట్టుకుని రైలెక్కాను. కొట్లాడటానికి పోతున్నానో, ఆఖరుసారి చూడటానికి పోతున్నానో నాకే తెలియదు. తలుపు తీసింది బావే. నా చేతిలో సంచి చూడగానే ఆయన ముఖం మారిపోయింది.

"దొరికిందా? ఏడ దొరికింది?" అన్నాడు.

"దొరుకుడేంది? నువ్వే పంపినవ్ గద బావా."

"నేనెందుకు పంపుత? మొన్న శుక్రవారం యూనిట్ కెల్లి వచ్చేసరికి లేదు. ఇల్లంత ఎతికిన."

వంటింట్లోంచి వాళ్ల వదిన బయటికి వచ్చింది. ఆ రోజు సామాను ఎక్కించింది ఆమే. "అయ్యో, చీర కట్టి ఉంటే ఆమెదే అనుకొని ఎక్కిచ్చిన. అండ్ల ఏమున్నదో నాకేం ఎరుక?" అంది.

"మరి నాకు ఫోన్ చేయకపోతివి బావా?"

"పోగొట్టిన అంటే నువ్వు మొత్తుకుంటవని చేయలే" అన్నాడు, నన్ను చూడకుండా.

నేను తల దించుకుని సంచిలోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టాను. బావ దాని మీద చెయ్యి వేసి, తెరను వేలితో తడిమాడు. ఆయన వేలు ఆ తెర మీదే ఆగింది.

"ఇది రెండోది. ఏడుండె?"

"బిందెల ఉండె. నీకు ఎరికేనా, రెండున్నయని?"

"ఎరికే. నువ్వు మొత్తుకున్న దినమే కూసొని చీర రెండు ముక్కలు చేసింది. ఒకటి ఉతికితే ఒకటి తొడుగుత అన్నది. వానికి చెప్పకు, మల్ల ఏమన్న అంటడు అన్నది." ఒక్కసారిగా ఇన్ని మాటలు ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. "ఆమె పోయినంక రెండోది కనవడలే. మీదున్నదాన్ని ఉతుకుదామంటే, ఆమె చేతి కుట్టు, పిగిలిపోతదేమో అని భయమైంది. వేడైతదని నేను శాన ఆడుతలేకుంటి. నది దాక పోయి ఆపుతుంటి."

"నది కాడికే ఎందుకు?"

"ఆమె ఆడ నిలవెట్టుమనేది. కూరగాయలు తరుక్కుంట చూసేది. నీళ్లు ఎంత సల్లగున్నయో, జరసేపు ఆడనే ఉండనియ్యి అనేది."

"నేను గుర్రాన్ని కొండల మీదికి తోలుకపోతుంటి గద."

"నేను మల్ల తోలుకొస్తుంటి" అన్నాడు బావ.

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన ఆగమని అనలేదు. వాళ్ల వదిన మెల్లగా వంటింట్లోకి పోయింది. కాసేపటికి నేను అడగాలనుకున్నది అడిగేశాను. "పెండ్లైనంక ఎట్ల బావా? డబ్బా ఏడుంటది?"

"చేసుకునే ఆమెకు ముందుగాలనే చెప్పిన. ఆదివారం ఆదివారం నా బామ్మర్ది వస్తడు, నేను గూడ పోత అని. సరే అంటెనే ఒప్పుకున్న."

నేను సంచిలోంచి మాసిన కవరు తీసి పెరట్లోకి పోయాను. బకెట్‌లో నీళ్లు పట్టి, సబ్బు వేయకుండా, తెరను రెండు అరచేతుల మధ్య మెల్లగా ఒత్తాను. నీళ్లు పాలిష్ యూనిట్ కాలువ రంగులోకి తిరిగాయి. బకెట్ మూడుసార్లు మార్చాల్సి వచ్చింది. కుట్టు ఒక్కటి కూడా ఊడలేదు. అక్క కుట్టింది అంత తొందరగా పిగిలేది కాదు. తీగ మీద ఆరేయబోతుంటే బావ వచ్చి నా చేతిలోంచి తీసుకున్నాడు.

"బయట ఆరేస్తే మల్ల పొడి వడ్తది. ఆమె లోపల ఫ్యాన్ కింద ఆరేసేది" అన్నాడు.

లోపల కుర్చీ వీపు మీద ఆరేశాం. డబ్బాను లాప్‌టాప్‌కు కలిపి బావ నాకు మౌస్ ఇచ్చాడు. గుర్రం నది ఒడ్డునే ఉంది. నేను దాన్ని కదిలించలేదు. ఇద్దరం పక్కపక్కన కూర్చుని నీళ్లను చూశాం. గంట దాటినా డబ్బా ఆగలేదు, ఫ్యాన్ల చప్పుడు కూడా పెద్దగా లేదు. మంచిగున్నది అక్కా అని ఆ రోజే చెప్పాల్సింది. ఆమె ఫోన్ చేసి మరీ అడిగింది.